పడవయు, ఓడయు



మనది సముద్రము నెరుగని సీమ. సంగారెడ్డి, పటాన్చెరువు, జోగిపేట ప్రాంతములవారికి పెద్దనీరనగా మంజీర. అది కాకున్న వానలకు నిండిన చెరువు. ఇట్టిచోట కూర్చుండి పడవకును ఓడకును గల భేదమేమని విచారించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని సంగారెడ్డికి సమీపముననే కొండాపురమున్నది. అచ్చటి పాటిదిబ్బలను 1940 మొదలు 1942 వరకు నైజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు త్రవ్వించిరి. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, పూసలు, మట్టిబొమ్మలు, కుప్పలుగా నాణెములు బయల్పడెను. వానితోపాటు రోమకచక్రవర్తియైన ఆగస్టసు బంగారునాణెమును దొరకెను. ఆ నాణెము ఆకాశమునుండి ఊడిపడలేదు. అది ఓడపై సముద్రము దాటినది. రేవుచెంత పడవలోనికి దిగినది. పిదప ఎడ్లవీపులమీదనో, బండ్లమీదనో మన ఊరికి చేరినది. సముద్రము నెరుగని మనకును ఓడతో చుట్టరికము రెండువేల యేండ్లనాటిది. కావున ఓడ యేదో, పడవ యేదో తెలిసికొనుట మనకును పనియే.

ఈ ప్రశ్న వేసిన వెంటనే వచ్చు సమాధానము, "పెద్దపడవయే ఓడ" అని. నేను బడిపంతులుగా నున్న కాలమున ఏ తరగతిలో అడిగినను ఈ మాటయే వచ్చెడిది. పెద్దలును ఇదియే చెప్పుదురు. ఇది సగము నిజము. సగము నిజముతో చరిత్ర వ్రాయబూనిన ఎంత చిక్కు వచ్చునో ముందు మనవి చేసెదను.

పొడవునుబట్టియే పేరు వచ్చునన్నచో, అమెరికాదేశపు మహాసరస్సులలో ఇనుపరాయి మోయు నౌకలు వేయి అడుగుల పొడవు గలవి యున్నవి. వానిని అచ్చటి నావికులు పడవలనియే అందురు. నీటిక్రింద సంచరించు యుద్ధనౌక యెంత పెద్దదైనను ఆంగ్లనావికుల వాడుకలో అది పడవయే. చాపలతో నౌకలు నడచిన దినములలో ఆంగ్లేయులు మూడు కొయ్యలు నిలిపి, మూడింటికిని అడ్డచాపలు కట్టినదానినే ఓడ యని నిక్కముగా పిలిచెడివారు; రెండు కొయ్యల దానికి వేరుపేర్లుండెను. ఓడ పడవను మోయగలదు గాని పడవ ఓడను మోయలేదని వారిలో నొక వాడుకమాట. మలుపు తిరుగునప్పుడు ఓడ బయటివైపునకు ఒరగును, వడిగల చిన్నపడవ లోపలివైపునకు ఒరగునని మరియొక గుర్తు. ఓడ బరువునకు కేంద్రము, నీరు ప్రక్కనుండి ఒత్తు చోటికంటె పైన నుండుటచే అట్లగును. చిన్నపడవ సైకిలు త్రొక్కువానివలె మలుపులోనికే వంగును. ఇవన్నియు నావికులకు పనికివచ్చు గుర్తులే. అయితే వీనిలో ఏదియు భేదమునకు మూలము కాదు.

మూలమేదో తెలియుటకు మన మంజీరనే చూతము. దక్కనునదులలో దాటుటకు పూర్వము పుట్టి యుండెడిది; దానినే హరిగోలనియు అందురు. వెదురుబద్దలను గంపవలె గుండ్రముగా అల్లి, అడుగున తోలు కప్పుదురు. దానికి ముందు వెనుక అనునవి లేవు. చుక్కాని లేదు, కొయ్య లేదు, చాప లేదు. ఒక తెడ్డుతో త్రిప్పుచు, ప్రవాహము లాగినంత లాగనిచ్చి, ఆవలియొడ్డు చేర్చుదురు. వాగు ఉధృతముగా నున్న, "నేడు వేయను" అని పుట్టివాడు ఒడ్డుననే కూర్చుండును. ఆ స్వేచ్ఛ వానికున్నది. గోదావరి పడవ దీనికంటె ఎన్నోరెట్లు పెద్దది. దానికి అణియమనబడు ముందుభాగము, అమరమనబడు వెనుకభాగము, చుక్కాని, తెరచాప అన్నియు నున్నవి. అయినను గాలి తిరిగినయెడల పడవవాడు గట్టునకు త్రాడు వేసి లాగించును. చీకటిపడిన ఇసుకతిన్నెకు కట్టివేసి వంట చేసికొనును. అతనికి ఒడ్డు కన్నులయెదుటనే యున్నది.

ఓడకు ఆ భాగ్యము లేదు. ఒడ్డు కనబడకుండ పోయిన పిమ్మట దానికి కావలసినదంతయు దానిలోనే యుండవలెను: త్రాగునీరు, తిండి, విరిగిన కొయ్యను సవరించు వడ్రంగి, దిక్కు చెప్పు నక్షత్రజ్ఞుడు, తగవు తీర్చు అధికారి. అలలు మీదికెక్కినను నీరు లోపల నిండకుండుటకు పైన మూతవంటి తట్టుండవలెను. మరియు ఆ ఓడ చేరు రేవులో అపరిచితుడైన రాజు దానిని దోచుకొనడను నమ్మకముండవలెను. ఈ కడపటిది కొయ్యతోను ఇనుముతోను చేయబడునది కాదు. చరిత్రలో దీనికే ఎక్కువ విలువ. ఒడ్డు నాశ్రయించి బ్రదుకునది పడవ, ఒడ్డును విడిచి పరరాజు మాటమీద బ్రదుకునది ఓడ యని నా తాత్పర్యము.

మన ధర్మశాస్త్రకారులు ఈ సంగతి చక్కగా గ్రహించిరి. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున నావతరణపు కూలినిగూర్చి చెప్పుచు, నదీతీరములందు దూరమును కాలమును బట్టి కూలి నిర్ణయింపవలెననియు, సముద్రమున మాత్రము అట్టి నియమము లేదనియు విడదీసిరి. నావికుల తప్పుచే సరకు చెడినయెడల వారు చెల్లింపవలెను, దైవికముగా చెడిన దండుగ లేదనియు అందే యున్నది. మరియొక నిదర్శనము చూడుడు. కలివర్జ్యములలో ద్విజులకు సముద్రయానమును నిషేధించిన గ్రంథములు మనకు గలవు; నేనును ఆ సంప్రదాయమున చదువుకొన్నవాడనే. గోదావరిని పడవపై దాటినవానికి ఏ ప్రాయశ్చిత్తమును లేదు, ఓడ యెక్కి సముద్రము దాటినవానికి గలదు. నీటికి భయపడి పెట్టిన నిషేధమైనచో రెంటికిని ఉండవలసినది గదా! భయపడినది నీటికి కాదు. ఒడ్డును, ఒడ్డుతోపాటు ఆచారమును విడిచిపోవుటకు.

భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువున నౌకలు సామాన్యములనియు, విశేషములనియు రెండు తెగలుగా విభజింపబడినవి. సామాన్యములు నదులందు తిరుగునవి, విశేషములు సముద్రమున పోవునవి. మరల విశేషములలో పొడవైనవి, ఎత్తైనవి అని రెండు జాతులు. తెగలు ఏర్పరచునప్పుడు గ్రంథకర్త మొదట చూచినది కొలతను కాదు, నీటిని. సముద్రనౌక పలకలను ఇనుముతో బంధింపరాదనియు, సముద్రములోని అయస్కాంతశిలలు లాగివేయుననియు ఆ గ్రంథమున నొక హెచ్చరిక గలదు. అయస్కాంతశిలల మాట నేను నమ్మను. అయితే మన తూర్పుతీరమున మేకు లేకుండ పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టు ఆచారము నిజముగా నుండెను. దాని కారణము వేరు, ముందు చెప్పెదను. అమరసింహుడును పదములను వేరుగానే కూర్చెను. ఉడుపము, ప్లవము అనునవి తెప్పకు పేర్లు. సముద్రవర్తకునికి సాంయాత్రికుడనియు పోతవణిక్కనియు పేర్లు. ఓడకొయ్యకు కూపకమని పేరు.

ఇక మన దేశచరిత్రకు వత్తము. శాతవాహనరాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు సీసపునాణెములపై రెండు కొయ్యల నౌక బొమ్మ యున్నది. ఆయన క్రీస్తుశకము రెండవ శతాబ్దపు చివరిభాగమున పాలించెను. కోరమాండలు తీరమున అట్టివి దొరకినవి. రాజులు నాణెములపై ఏనుగును, సింహమును, గుఱ్ఱమును వేయించుట వాడుక. నౌకను వేయించినవారు అరుదు. రెండు కొయ్యలు నిలుపుట నది దాటుటకు కాదు. సముద్రవర్తకము వలన వచ్చు లాభమును ఆ ప్రభువు గుర్తించెనని ఆ చిన్న సీసపుబిళ్ళ సాక్ష్యమిచ్చుచున్నది. మన కొండాపురపు టంకసాలవారికిని ఆ ప్రభువంశమే పోషకము.

తరువాత వేయేండ్లకు వచ్చు సాక్ష్యము ఇంతకంటె గొప్పది. బాపట్ల జిల్లాలో సముద్రపుటొడ్డున మోటుపల్లి యను గ్రామము గలదు. అచ్చటి వీరభద్రేశ్వరాలయమున కాకతీయ గణపతిదేవ మహారాజు 1244వ సంవత్సరమున నిలిపిన స్తంభశాసనమున్నది. దీనిని అభయశాసనమందురు. ఓరుగల్లున కూర్చున్న రాజు, సముద్రమున పోవువారికి అభయమిచ్చుట యనగా నేమి?

అంతకుముందు ఒక దురాచారముండెను. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ తుపానులో చిక్కి, విరిగి, ఏ తీరమున పడునో ఆ తీరపు రాజు అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును తనదిగా చేసికొనెడివాడు. ప్రాణముతో బయటపడిన వర్తకుడు కట్టుగుడ్డతో నిలువబడవలసినదే. ఇది మనదేశమున మాత్రమే యుండిన అన్యాయము కాదు. ఐరోపా తీరములందును ప్రభువులు చాలకాలము ఇట్లే చేసిరి. సముద్రము విసరివేసినది తీరమునకు దైవదత్తమని వారి వాదము. గణపతిదేవుడు ఈ వాదమును త్రోసిపుచ్చెను. ప్రాణముకంటె ధనమే ప్రియమని తలంచి సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్న వర్తకులపై దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టితిమని శాసనమున ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. పిమ్మట చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టు, మిరియములు, పోకలు మొదలగు వానికి వేర్వేరుగా రేట్లు చెక్కబడినవి.

ముప్పదింట నొకవంతు! లెక్క తెలిసినవారు దీనిని గమనింపవలెను. విరిగిన ఓడ సరకంతయు లాగికొన్న రాజునకు ఒక్కనాటి లాభము. పిమ్మట ఆ రేవునకు మరియొక ఓడ రాదు. ముప్పదింట నొకవంతు పుచ్చుకొన్న రాజునకు ఏటేట ఓడలు వచ్చును. గణపతిదేవుని దయలో వివేకమును కలదని చెప్పిన అతని కీర్తికి లోటు రాదు. ఈ శాసనము పడవలవారికి వేసినది కాదనుటను ముఖ్యముగా తెలియవలెను. పడవవాడు ఆ తీరపు ప్రజయే. అతనికి ఊరున్నది, కులపెద్దలున్నారు, అతని పడవ విరిగిన వాడవారందరు వచ్చి పలకలేరి యిత్తురు. ఓడవానికి అట్టివారెవ్వరును లేరు. అతనికి ఆ రాతిస్తంభమే దిక్కు. 1358లో కొండవీటి అనపోతారెడ్డియు మోటుపల్లిలోనే శాసనము వేయించి, వర్తకులకు మరల అభయమిచ్చెను. నడుమ రాజ్యములు మారినను ఆ స్తంభముల చెంతకు ఓడలు రావలెనను కోరిక మారలేదు.

వెనీసు యాత్రికుడైన మార్కోపోలో పదుమూడవ శతాబ్దపు చివర మోటుపల్లిని ముట్‌ఫిలి యని పేర్కొని, ఆ దేశమును ఒక రాణి న్యాయముగా పాలించెనని వ్రాసెను. ఆమెను రాజుయొక్క విధవగా చెప్పుట అతని పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. ఆ యాత్రికుడే చీనాదేశపు పెద్ద ఓడలను వర్ణించుచు, ఒక్కొక్కదాని ప్రక్కలకు సుమారు పది చిన్నపడవలు వ్రేలాడగట్టియుండుననియు, లంగరు వేయుటకును చేపలు పట్టుటకును వానిని వాడుదురనియు చెప్పెను. ఓడ పడవను మోయునను మాటకు ఇదియొక పాతసాక్ష్యము.

రెడ్డిరాజుల కాలమున తెలుగువారికి ఓడలలో ఎన్ని జాతులున్నవో తెలిసియుండెననుటకు శ్రీనాథుని హరవిలాసము చాలును. దానిని కృతినందిన అవచి తిప్పయ్యసెట్టి, కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు తెప్పించి యిచ్చిన మహావర్తకుడు. అతని సరకు మోసిన నౌకలను కవి కప్పలి, జోంగు మొదలగు పేర్లతో చెప్పినాడు. కప్పలి దక్షిణాదిని అరవమునందును, తూర్పున మలయాభాషయందును వినబడు మాట. జోంగు జావా, మలయా దీవుల పెద్ద ఓడ. పేరుతో సహా సరకు దిగుమతియైనదన్నమాట! ఇంటి పెరటిలో పుట్టిన తెప్ప, దోనె, పుట్టి, పడవ అను మాటలకు ఇట్టి దేశాటనము లేదు.

గోలకొండ సుల్తానుల కాలమునకు మెదకుసీమ వారి యేలుబడిలోనిది. వారికి సముద్రద్వారము మచిలీపట్టణము. డచ్చివారు 1605లో అచ్చట కోఠీ పెట్టిరి. 1611లో గ్లోబు అను ఓడపై ఆంగ్లేయులు వచ్చిరి. సుల్తానుల ఓడలును ఆ రేవునుండియే బర్మాకును, పారసీకమునకును, అరబ్బు తీరమునకును పోయెడివి. అయితే మచిలీపట్టణపు సముద్రము లోతు చాలనిది. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలిచెడివి. ఒడ్డునకును ఓడకును నడుమ సరకును, మనుష్యులను చేర్చునవి పడవలే. కోరమాండలు తీరమంతట అలలు ఒడ్డుచెంత విరుచుకొనిపడును. మేకులు కొట్టిన గట్టిపడవ ఇసుకకు తగిలిన పలకలు చీలిపోవును. కుట్టిన పడవ అల దెబ్బకు గంపవలె వంగి, మరల తన రూపునకు వచ్చును. ఇందాక విడిచిన అయస్కాంతపు చిక్కు ఇచ్చట విడినది. ఈ కుట్టుపడవలనే పరదేశులు మసూలాపడవలని వ్రాసిరి. ఎంత గొప్ప ఓడకైనను కడపటి క్రోసు దూరమున పల్లెకారుని కుట్టుపడవయే గతి యయ్యెను. దొరలు తడిసిన బట్టలతో ఆ పడవలలో దిగుచు భయపడినట్లు వారే వ్రాసికొనిరి.

ఓడలు కట్టు విద్య మనవారికి లేకపోలేదు. గోదావరి వసిష్ఠశాఖ సముద్రమున కలియుచోట నరసాపురమున్నది. అందును, దాని ప్రక్క మాధవాయిపాలెమునందును పదునేడవ శతాబ్దమున ఓడలు కట్టు పని ముమ్మరముగా సాగెను. 1670 ప్రాంతములందు ఈ తీరమున సంచరించిన టామసు బౌరీ యను ఆంగ్లనావికుడు అచ్చటి వడ్రంగుల నేర్పును మెచ్చి, ఆంగ్లవర్తకులు ఏటేట తమ ఓడలను అందే కట్టించుకొనుచుండిరని వ్రాసెను. పై అడవులలో కొట్టిన టేకుదూలములను తెప్పలుగా కట్టి గోదావరిలో వదలెడివారు. అడవినుండి తెప్పగా వచ్చిన కొయ్య రేవున ఓడయై సముద్రమునకు పోయెను. మన మంజీర కందకుర్తిచెంత గోదావరిలో కలిసి, ఆ దూలములను మోసిన నీటిలో తానును పాలుపంచుకొన్నది.

ఇప్పుడు కోరంగి మాట చెప్పవలెను. ఈ ప్రసంగమునకు నేను పూనుకొన్నది ముఖ్యముగా దీనికొరకే. కాకినాడకు దక్షిణమున, గోదావరి శాఖయొకటి సముద్రమున కలియుచోట కోరంగి యుండెను. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో అది ఈ తీరమున ఓడలను కట్టుటకును, మరమ్మతు చేయుటకును ప్రసిద్ధికెక్కిన తావు. బర్మాకు పోయిన తెలుగుకూలీలను అచ్చటివారు కోరంగీలనుట ఈ రేవుపేరునుబట్టియే. 1789 డిసెంబరులో తుపానుతో మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి ఊరిని ముంచివేసెను. మరల 1839 నవంబరు 25న వచ్చిన తుపానుతో ఆ రేవు మరి లేవలేదు. ఇట్టి గాలుల సుడిని శోధించి వానికి సైక్లోనను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టను మొదటి ఉపద్రవమునుగూర్చి వ్రాసియున్నాడు.

1839 నాటి ప్రళయమును చెప్పునప్పుడు పుస్తకములు రెండు సంఖ్యలను తప్పక వ్రాయును: మూడులక్షల ప్రాణములు, ఇరువదివేల నౌకలు. ఆంగ్లపుస్తకములలో నున్న మాట "వెసెల్". ఈ మాటకు గిన్నె యనియు అర్థమున్నది, నీటిపై తేలు దేనికైనను చెల్లును. మన సంస్కృతమున యానపాత్రమను పదమున పాత్రశబ్దము వంటిది. తెలుగున తర్జుమా చేయువారు ఆ మాటను "ఓడలు" అని మార్చిరి. అంతటితో కోరంగిలో ఇరువదివేల ఓడలుండెననియు, అవి యొక్కరాత్రిలో నశించెననియు కథ యేర్పడినది. విన్న తెలుగువాని ఛాతి ఉప్పొంగును. కాని కొంచెము లెక్క చూడవలదా? 1840లో, లోకమున సముద్రాధిపత్యము వహించిన బ్రిటనుదేశమున నమోదైయున్న చాపనౌకలును, ఆవిరినౌకలును కలిసి 22,000కు కొంచెమెక్కువ. అందును చిన్నవే హెచ్చు. ఆ దేశపు నౌకాబలమంతయు తెచ్చి కోరంగి యేటిలో నిలుపగలమా? మూడులక్షల ప్రాణనష్టపు సంఖ్యనుగూర్చియు సందేహించిన పండితులున్నారు. నాకును అది హెచ్చుగానే తోచుచున్నది.

మరి ఆ ఇరువదివేలు ఏవి? సంఖ్య ఎంత తగ్గించి చదివినను, అవి పడవలు, దోనెలు, తెప్పలు. గోదావరి పాయలందు ధాన్యము మోయునవి, చేపలు పట్టునవి, ఈ లంకనుండి ఆ లంకకు గడ్డి దాటించునవి. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క కుటుంబము. ఓడ మునిగినయెడల దాని పేరు, యజమాని పేరు, సరకు వెల దస్త్రములకెక్కును. నమోదుపత్రమున్నది, భీమాపత్రమున్నది, ఆర్జీ పెట్టు వర్తకుడున్నాడు. పడవ మునిగిన ఎవ్వరు వ్రాయుదురు? పల్లెవాని దోనెకు పేరు లేదు. వాడును దానితోపాటు పోయెను. కావుననే లెక్క "ఇరువదివేలు" అను గుండుసంఖ్యగా మిగిలెను. వానిని మనము గొప్పకొరకు ఓడలని వ్రాసినప్పుడు చచ్చినవారిని రెండవమారు చెరిపివేయుచున్నాము. పల్లెకారుల స్థానమున లేని నౌకాధిపతులను నిలుపుచున్నాము. కోరంగికి ఓడలు కట్టిన కీర్తి నిజముగా నున్నది. దానికి ఈ అబద్ధపు సంఖ్య తోడు అక్కరలేదు.

చట్టములవారు ఈ పొరపాటు చేయలేదు. నదులందు తిరుగు ఆవిరిపడవలకు 1917లో నొక చట్టమును, సముద్రవర్తకనౌకలకు 1958లో వేరొక చట్టమును ఏర్పడినవి. మొదటిదాని స్థానమున 2021లో, రెండవదాని స్థానమున 2025లో కొత్తచట్టములు వచ్చినను, ఆ రెండును వేర్వేరుగానే యున్నవి. ఓడ ప్రక్కన ఎంతవరకు మునుగవచ్చునో గీత గీయవలెనను నియమమును బ్రిటనులో సామ్యుయేలు ప్లింసాలు పోరాడి 1876లో సాధించెను. ఆ గీత మునుగునట్లు సరకు నింపుట నేరము. మనుష్యులను కూరి నింపిన నదిపడవలు మునిగిన వార్తలు మనము వినుచునే యున్నాము. అట్టి గీత పడవలకును అందరు పాటించిన బాగుండును.

ఓడల నిర్మాణము తెలుగుతీరమున మరల తలయెత్తినది విశాఖపట్టణమున. వాల్‌చంద్ హీరాచంద్ నడపిన సింధియా సంస్థ అచ్చట కర్మాగారము పెట్టగా, 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిలులో జపానువారు విశాఖపై బాంబులు వేసిరి.  1948 మార్చి 14న జవహరులాలు నెహ్రూ "జల ఉష" యను ఓడను నీటిలోనికి విడిచిరి. ఎనిమిదివేల టన్నుల ఆవిరియోడ; స్వతంత్రభారతమున అట్టిది అదే మొదటిది. ఆ కర్మాగారమే 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డ్ అయినది.

కోరంగి నేడు మడయడవుల నడుమ నున్న పల్లె. దాని వర్తకము కాకినాడకు పోయినది. గోదావరి తెచ్చిన ఒండ్రుతో కాకినాడ యెదుట ఒక పొడవైన ఇసుకదీవి పెరిగినది. దానిని హోప్ దీవి యందురు. దాని చాటున నీరు నిలుకడగా నుండును, కాని లోతు తక్కువ. కొత్తరేవున ఓడలు గట్టునకే వచ్చి ఆనును. పాతరేవున మాత్రము పెద్దఓడలు దూరముగా లంగరు వేసికొని నిలుచును. అచ్చటికి బియ్యపు బస్తాలను పెద్దబల్లపడవలపై వేసికొని, సరంగులు నేటికిని తీసికొనిపోవుచున్నారు.